కాడెట్ ఎల్‌టి-40: గ్లో ఇంజన్ తీసి మోటార్ పెట్టాలి, ఏది సరిపోతుంది?

తూనీగ40:

నా దగ్గర రేడియోతో ఎగరేసే సిగ్ కాడెట్ ఎల్‌టి-40 మోడల్ విమానం ఉంది. ఇప్పుడు 46 సైజు టూ-స్ట్రోక్ గ్లో ఇంజన్‌తో, అంటే ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్‌తో, ఎగురుతోంది. రెక్క పొడవు 1778 మి.మీ., వైశాల్యం 58 చదరపు డెసిమీటర్లు, ట్యాంకు ఖాళీగా ఉంటే మొత్తం బరువు 2550 గ్రాములు. దీన్ని ఎలక్ట్రిక్‌కి మార్చాలి. మైదానం చుట్టూ ఇళ్లు వచ్చేశాయి, మోత కుదరదు. పల్టీలు, లూపులు అక్కర్లేదు. నెమ్మదిగా చుట్లు తిరగాలి, టచ్ అండ్ గోలు (నేల తాకి వెంటనే మళ్లీ లేవడం) చేయాలి, అంతే.

అనుకున్న సామాను ఇది: 100 గ్రాముల 1100 కేవీ (వోల్టుకి నిమిషానికి 1100 చుట్లు) మోటార్, 40 ఆంప్స్ ఈఎస్‌సి (మోటార్ వేగాన్ని నియంత్రించేది), 3ఎస్ (మూడు సెల్స్) 2200 మిల్లీఆంప్ అవర్ల లిపో బ్యాటరీ, 12×6 స్లో ఫ్లయర్ ప్రాప్, అంటే పంకా (12 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్, పిచ్ అంటే ఒక చుట్టుకి ముందుకి సాగే దూరం). నెమ్మదిగా ఎగిరే విమానం కాబట్టి స్లో ఫ్లయర్ ప్రాప్, బరువు తగ్గితే ఇంకా నెమ్మదిగా ఎగురుతుంది కాబట్టి చిన్న మోటార్, చిన్న బ్యాటరీ. ఈ లెక్క సరైనదేనా? ఇంకోటి, ఫైర్‌వాల్ (ఇంజన్ బిగించే ముందు చెక్క గోడ) నిండా ఆయిల్ ఇంకిపోయి ఉంది. దానిమీద కొత్త మౌంట్ నిలుస్తుందా?

బాల్సాపొడి:

ఆ ప్రాప్ మాత్రం కొనకండి. ముందు దాని సంగతే చెబుతాను, ఎందుకంటే ఇది చేతులకీ కళ్లకీ సంబంధించిన విషయం.

‘స్లో ఫ్లయర్’ అన్న పేరు విమానం వేగం గురించి మాత్రమే కాదు, ఆ ప్రాప్ తట్టుకునే చుట్ల గురించి కూడా. ఏపీసీ వాళ్లు తమ స్లో ఫ్లయర్ ప్రాపులకి పెట్టిన హద్దు, 65,000ని అంగుళాల వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 12 అంగుళాలకి నిమిషానికి దాదాపు 5,400 చుట్లు. మీ 1100 కేవీ మోటార్ 3ఎస్ మీద ఆ హద్దుని సునాయాసంగా దాటేస్తుంది. ఆ పల్చటి ఆకులు వంగి కొట్టుకుంటాయి, తర్వాత మొదలు దగ్గర విరుగుతాయి. అది కొన్ని వందల గ్రాముల నురగ విమానాలకి చేసిన ప్రాప్. మీకు కావాల్సింది సన్నటి ఎలక్ట్రిక్ రకం, పేరు చివర ‘ఈ’ ఉండేది. పాత గ్లో ప్రాప్ కూడా తిరుగుతుంది కానీ మందం, బరువు ఎక్కువ, కరెంటు వృథా.

ఇక శక్తి. ఇలాంటి నెమ్మది ట్రైనర్‌కి కిలోకి 150 నుంచి 180 వాట్లు ఉంటే నేలమీంచి హాయిగా లేస్తుంది, గాలి ఎదురైనా ఇబ్బంది పడదు. మార్పిడి అయ్యాక బరువు 2.6 కిలోల చుట్టూ ఉంటుందనుకుంటే 400 నుంచి 470 వాట్లు. అవుట్‌రన్నర్ (బయటి డబ్బా తిరిగే) మోటార్ ఎంత మోయగలదో తెలియనప్పుడు గ్రాముకి 3 వాట్లని లెక్కేయండి. 100 గ్రాములకి 300 వాట్లే. మీరు అనుకున్న మోటార్‌కి 12×6 తగిలిస్తే 40 ఆంప్స్ దాటి లాగుతుంది. మోటార్, ఈఎస్‌సి రెండూ ఒకే ఎగురుడులో పోయే జోడీ అది.

నా సలహా: 4ఎస్, 800 కేవీ, 12×6 ఈ ప్రాప్. లోడ్ మీద బ్యాటరీ 14 వోల్టులకి దిగుతుంది, మోటార్ దాని కేవీలో 80 శాతం దాకా తిరుగుతుంది. 800 × 14 × 0.8 అంటే నిమిషానికి 9,000 చుట్లు. ఆ చుట్ల దగ్గర 12×6 దాదాపు 390 వాట్లు మింగుతుంది, మోటార్ నష్టాలు కలిపితే బ్యాటరీ నుంచి 480 వాట్లు, అంటే 34 ఆంప్స్. 60 ఆంప్స్ ఈఎస్‌సి పెడితే ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది.

నెమ్మదిగా ఎగరాలి కదా, పిచ్ ఇంకా తగ్గించాలా అన్న అనుమానం వస్తుంది. 6 అంగుళాల పిచ్, 9,000 చుట్లు అంటే గంటకి 82 కి.మీ. పిచ్ వేగం. ఈ విమానం స్టాల్ అయ్యేది, అంటే రెక్క మోయలేక పడిపోయేది, గంటకి 28 కి.మీ. దగ్గర. దాదాపు మూడు రెట్లు ఉంది, అది మంచి నిష్పత్తి. అదే 13×4 పెడితే కరెంటు ఇంచుమించు అంతే లాగుతుంది కానీ పిచ్ వేగం 55కి పడిపోతుంది. గాలిలేని పొద్దున ముచ్చటగా ఉంటుంది. ఎదురుగాలి 20 కి.మీ. వస్తే ముందుకి సాగడం చాలా నెమ్మదైపోతుంది. నెమ్మదిగా ఎగరడమనేది థ్రాటిల్ తగ్గించి సాధించాలి, ప్రాప్‌ని కుదించి కాదు.

గరిమనాభి:

పైన చెప్పిన వాట్ల లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ‘బరువు తగ్గిస్తే మంచిది’ అన్న ఆలోచన ఈ విమానంలో ముక్కు దగ్గర తిరగబడుతుంది. గ్లో నుంచి ఎలక్ట్రిక్‌కి మార్చిన ట్రైనర్లు తోక బరువుతో తయారవడానికి కారణం అదే.

46 ఇంజన్ మఫ్లర్‌తో కలిపి అర కిలో దాకా ఉంటుంది, అదీ విమానం కొసన. దాని స్థానంలో 170 గ్రాముల మోటార్ వస్తుంది. పోయిన బరువుని బ్యాటరీ భర్తీ చేస్తుందిలే అనుకుంటాం. మొత్తం తూకంలో చేస్తుంది కూడా. కానీ బ్యాటరీ ఉండేది ఫైర్‌వాల్ వెనక. తక్కెడలో రాయి మధ్యకి జరిగితే అటువైపు దండె లేచిపోదూ? అదే ఇక్కడ జరిగేది.

కాబట్టి ఒక్క స్క్రూ కూడా విప్పకముందు ఈ పనులు చేయండి. ట్యాంకు ఖాళీ చేసి, రెక్క బిగించి, విమానం ఎక్కడ సమంగా నిలుస్తుందో రెక్క కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ గీత నుంచి ఇంజన్ మధ్య భాగానికి, మౌంట్‌కి, ట్యాంకుకి, రిసీవర్ బ్యాటరీకి ఎంత దూరమో కొలవండి. ప్రాప్ ఆనుకునే వాషర్ నుంచి ఫైర్‌వాల్‌కి ఎంతో అది కూడా. ఇంజన్ కుడికీ కిందికీ ఎన్ని డిగ్రీలు వంగి ఉందో చూసి రాసుకోండి. తర్వాత ఒక్కొక్కటీ విప్పి వంటింటి తక్కెడ మీద తూచండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే లెక్క కట్టేద్దాం.

తూనీగ40:

చాలా థాంక్స్ అండీ. కొలిచాను. దూరాలన్నీ సీజీ (గురుత్వ కేంద్రం) గీత నుంచి ముందుకి.

ఇంజన్, మఫ్లర్ 490 గ్రాములు, 33 సెం.మీ. మౌంట్ 60 గ్రాములు, 28 సెం.మీ. ఖాళీ ట్యాంకు 40 గ్రాములు, 20 సెం.మీ. రిసీవర్ బ్యాటరీ 100 గ్రాములు, 15 సెం.మీ. థ్రాటిల్ సర్వో (థ్రాటిల్‌ని కదిపే చిన్న మోటార్) 45 గ్రాములు, గీతకి 5 సెం.మీ. వెనక. ఫైర్‌వాల్ 26.5 సెం.మీ. దగ్గర ఉంది. వాషర్ నుంచి ఫైర్‌వాల్‌కి 108 మి.మీ. ట్యాంకు గది చూస్తే బ్యాటరీ మధ్య బిందువుని 18.5 సెం.మీ. కంటే ముందుకి జరపడం కష్టం. పాత ప్రాప్, కొత్త ప్రాప్ బరువులు దాదాపు ఒకటే, లెక్కలోంచి తీసేశాను.

గరిమనాభి:

శ్రద్ధగా కొలిచారు. ఇక గుణకారమే.

తీసేసేవి: ఇంజన్ 490 × 33 = 16,170. మౌంట్ 1,680. ట్యాంకు 800. రిసీవర్ బ్యాటరీ 1,500. సర్వో వెనక ఉంది కాబట్టి 225 తీసేయాలి. మొత్తం 19,925 గ్రాము-సెంటీమీటర్లు. ముక్కు వైపు మీరు తిరిగి నింపాల్సింది ఇంత.

మొదట 170 గ్రాముల మోటార్, 4ఎస్ 4000 బ్యాటరీతో చూద్దాం. మోటార్ 34 సెం.మీ. దగ్గర 5,780. కొత్త మౌంట్ 60 గ్రాములు, 29 సెం.మీ., 1,740. ఈఎస్‌సి 60 గ్రాములు, 23 సెం.మీ., 1,380. బ్యాటరీ 420 గ్రాములు, 18.5 సెం.మీ., 7,770. మొత్తం 16,670. ఇంకా 3,255 తక్కువ. కొత్త బరువు 2525 గ్రాములు, దాంతో భాగిస్తే సీజీ 13 మి.మీ. వెనక్కి పోతుంది. మీ రెక్క వెడల్పు 327 మి.మీ. కాబట్టి అది 4 శాతం. తూకం చూస్తే పాతదానికంటే 25 గ్రాములు తేలిక, చేతిలో పట్టుకుంటే అంతా బాగున్నట్టే ఉంటుంది. గాల్లోకి వెళ్లాక ఎలివేటర్ చీమంత కదిపినా ముక్కు లేస్తుంది.

ఇప్పుడు 210 గ్రాముల మోటార్, 4ఎస్ 5000 బ్యాటరీ పెట్టి చూడండి. మోటార్ 7,140. మౌంట్ 1,740. ఈఎస్‌సి 1,380. బ్యాటరీ 520 గ్రాములు, 9,620. మొత్తం 19,880. తేడా 45 మాత్రమే, అంటే సీజీ మీ పెన్సిల్ గీత మీదే ఉన్నట్టు. బరువు 2665 గ్రాములు అవుతుంది. ఎక్కువ అనిపిస్తుందేమో. కానీ ఇంతకాలం 280 గ్రాముల ఇంధనం నింపి 2830 గ్రాములతో టేకాఫ్ చేశారు కదా, దానికంటే తేలికే.

అందువల్ల బయటి వ్యాసం 42 మి.మీ. ఉండే, 200 నుంచి 220 గ్రాముల, 800 కేవీ మోటార్ వెతకండి. శక్తి పరంగా 480 వాట్లకి అది పెద్దదే, అందుకే చల్లగా నడుస్తుంది. అక్కడ ఎలాగూ బరువు కావాలి, సీసం ముక్క కంటే రాగి చుట్టలు మేలు.

ఇంకో మాట. ట్యాంకు సీజీకి 20 సెం.మీ. ముందుంది కాబట్టి నిండు ట్యాంకుతో మీ సీజీ దాదాపు 20 మి.మీ. ముందుకి ఉండేది, ఇంధనం ఖర్చయ్యేకొద్దీ వెనక్కి వచ్చేది. ఎలక్ట్రిక్‌లో మొదటి నిమిషం నుంచీ అది ఖాళీ ట్యాంకు విమానంలాగే ప్రవర్తిస్తుంది. టేకాఫ్‌లో చేతికి తెలిసిన బరువైన ముక్కు ఉండదు. మొదటి రెండు మూడు ఎగురుళ్లకి ముక్కు దగ్గర 100 గ్రాముల సీసం తాత్కాలికంగా టేపుతో కట్టి, సీజీని ఓ 10 మి.మీ. ముందుంచండి. ట్రిమ్ కుదిరాక కొంచెం కొంచెంగా తగ్గించుకోవచ్చు.

బాల్సాపొడి:

ఫైర్‌వాల్ గురించి. గ్లో ఇంధనంలో ఉండే ఆముదం, సింథటిక్ ఆయిల్ చెక్కలోకి ఇంకాక ఏ జిగురూ పట్టదు. పైపైన గీకి ఎపాక్సీ పూస్తే కొన్నాళ్లకి పెచ్చులా ఊడి వస్తుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవండి. తర్వాత కార్న్‌ఫ్లోర్‌ని అదే ఆల్కహాల్‌తో దోసెపిండిలా కలిపి 3 మి.మీ. మందాన పట్టించి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఎండిన పిండి పసుపుగా మారి ఉంటుంది, బ్రష్‌తో దులిపి మళ్లీ పట్టించండి. మూడోసారికి సాధారణంగా పిండి తెల్లగానే మిగులుతుంది. పరీక్ష ఏమిటంటే, టిష్యూ కాగితం ఆనించి పైనుంచి గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె కొన నొక్కాలి. కాగితం మీద నూనె మరక పడితే ఇంకా కాలేదన్నమాట. ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే వేడి దగ్గరికి తేవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి.

శుభ్రమయ్యాక 80 నంబర్ గరుకు కాగితంతో రుద్ది, ఫైర్‌వాల్ అంచులు బాడీతో కలిసేచోట గోటితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే పక్క చెక్కల్లోంచి ఫైర్‌వాల్ మందంలోకి 3 మి.మీ. రంధ్రాలు వేసి, వెదురు పుల్లలు 30 నిమిషాల ఎపాక్సీతో దించండి. పక్కకి రెండు చొప్పున చాలు.

మౌంట్ మాత్రం జిగురు మీద ఆధారపడకూడదు. ఫైర్‌వాల్‌కి వెనకవైపు ఎం4 బ్లైండ్ నట్లు, ముందు నాలుగు అల్యూమినియం స్పేసర్లు, వాటిమీద మోటార్ ఎక్స్-మౌంట్. స్పేసర్ పొడవు: మీ 108 మి.మీ.లోంచి మోటార్ మౌంట్ ముఖం నుంచి ప్రాప్ ఆనేచోటుకి ఉన్న పొడవు తీసేయాలి. అది 63 అయితే స్పేసర్ 45. ప్రాప్ పాత స్థానంలోనే ఉంటుంది. వంపు కోసం స్పేసర్ కింద వాషర్లు వేయండి, బోల్టుల మధ్య దూరం 44 మి.మీ. అయితే 1.5 మి.మీ. వాషర్ దాదాపు 2 డిగ్రీలు. పాత ఇంజన్‌కి ఎంత ఉందో అంతే ఉంచండి. స్క్రూలకి నీలం లాక్‌టైట్ (వదులు కాకుండా పట్టే జిగురు) తప్పనిసరి. పాత ఇంధన గొట్టాల రంధ్రాలని కొంచెం పెద్దవి చేస్తే మోటార్ వైర్లు దూరతాయి. అక్కడ రబ్బరు గ్రోమెట్ లేకపోతే ప్లైవుడ్ అంచు వైర్ తొడుగుని కోసేస్తుంది.

గాలిచొరవ6:

పక్కనుంచి ఒక ప్రశ్న. ఇంట్లో 3ఎస్ 5000 ప్యాకులు రెండు ఉన్నాయనుకోండి, వాటితోనే కానిచ్చే దారి లేదా?

బాల్సాపొడి:

ఉంది. అదే 800 కేవీ మోటార్‌కి 13×8 ఈ ప్రాప్. చుట్లు 7,200 దగ్గర, కరెంటు 41 ఆంప్స్ చుట్టూ, పిచ్ వేగం గంటకి 88 కి.మీ. అదే 13×8ని పొరపాటున 4ఎస్‌తో తిప్పితే 60 ఆంప్స్ మీద కూర్చుంటుంది, కాబట్టి ప్రాపుల మీద మార్కర్‌తో రాసి పెట్టుకోండి. ముక్కు చక్రం నేలమీద ఉన్నప్పుడు ప్రాప్ కొసకీ నేలకీ మధ్య కనీసం 25 మి.మీ. ఉండాలి. గడ్డి మైదానమైతే ఇంకా ఎక్కువ.

గరిమనాభి:

బరువు మర్చిపోకండి. 3ఎస్ 5000 దాదాపు 390 గ్రాములు, అంటే 130 తక్కువ. 130 × 18.5 = 2,405. సీజీ 9 మి.మీ. పైగా వెనక్కి వెళ్తుంది. సరిచేయడానికి మోటార్ పక్కన 73 గ్రాముల సీసం కట్టాలి. ఆ సీసాన్ని ఎగురుడు సమయంగా మార్చుకోవడమే 4ఎస్ ప్యాక్ కొనడం. 3ఎస్ ఇప్పటికే చేతిలో ఉంటే సీసంతో ఎగరేయండి, తప్పేం లేదు.

తీగలపని:

వైరింగ్ గురించి ఎవరూ ఎత్తలేదు, నేను చెబుతాను.

మొదట ఈఎస్‌సిలో బీఈసీ (ప్రధాన బ్యాటరీ నుంచి రిసీవర్‌కీ సర్వోలకీ 5 వోల్టులిచ్చే భాగం) ఏ రకమో చూడండి. లీనియర్ రకమైతే 4ఎస్‌తో వద్దు. 14.8 నుంచి 5 వోల్టులకి దించడంలో ప్రతి ఆంపియర్‌కి దాదాపు 10 వాట్లు వేడిగా పోతాయి. నాలుగు స్టాండర్డ్ సర్వోలు ఒకేసారి కదిలితే బీఈసీ వేడెక్కి ఆగిపోతుంది, దాంతో రిసీవర్ కూడా. కంట్రోల్ పోయిందనీ సిగ్నల్ దెబ్బతిందనీ అనుకునే కూలుళ్లలో కొన్నిటికి ఇదే కారణం. స్విచింగ్ రకం, 5 ఆంప్స్ ఉన్నది తీసుకోండి. లేదా విడిగా యూబీఈసీ పెట్టి, ఈఎస్‌సి నుంచి రిసీవర్‌కి వచ్చే ప్లగ్‌లో మధ్య ఎర్ర తీగని పిన్‌తో సహా బయటికి లాగి టేపు చుట్టండి.

ఈఎస్‌సిని బ్యాటరీ పళ్ళెం కింద పెడతారు కాబట్టి తీగలు చాలకపోవచ్చు. పొడిగించాలంటే మోటార్ వైపు మూడు తీగలని పొడిగించండి. బ్యాటరీ వైపు పొడిగిస్తే వోల్టేజి ఎగుడుదిగుళ్లకి ఈఎస్‌సిలో కెపాసిటర్లు వేడెక్కి ఉబ్బుతాయి. తప్పకపోతే ప్రతి 10 సెం.మీ.కి 220 మైక్రోఫారడ్లు, 35 వోల్టుల లో-ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) కెపాసిటర్ ఒకటి చేర్చాలి. కనెక్టర్‌కి ఎక్స్‌టి60 చాలు. మోటార్ వెనక్కి తిరిగితే మూడింటిలో ఏ రెండు తీగలైనా మార్చండి, బ్యాటరీ తీగల జోలికి మాత్రం పోకండి.

బ్యాటరీ పళ్ళెం 3 మి.మీ. ప్లైవుడ్. పచ్చి చెక్క మీద వెల్క్రో జిగురు నిలవదు, ముందు పల్చటి ఎపాక్సీ పూత వేసి ఆరాక అంటించాలి. దానిపైన రెండు పట్టీలు కూడా ఉండాల్సిందే. అర కిలో బ్యాటరీ లూజైతే నోస్ వీల్ స్టీరింగ్ తీగ మీద పడుతుంది, లేదా వెనక్కి జారి సీజీని తీసుకుపోతుంది.

చల్లగాలి దారి: ముక్కు దగ్గర 10 చదరపు సెం.మీ. రంధ్రం ఉంటే, రెక్క వెనక బాడీ అడుగున కనీసం 20 ఉండాలి. లోపలికి వచ్చే దారి పెద్దదై బయటికి పోయే దారి లేకపోతే గాలి కదలదు.

తూనీగ40:

అన్నీ అర్థమయ్యాయి. ఇంక మొదటిసారి మోటార్ తిప్పేటప్పుడు, మొదటి ఎగురుడులో ఏం చూసుకోవాలి?

తీగలపని:

ప్రాప్ లేకుండా మొదలుపెట్టండి. థ్రాటిల్ క్యాలిబ్రేషన్, ఈఎస్‌సిలో బ్రేక్ ఆఫ్, టైమింగ్ మధ్యస్థం, కటాఫ్ (బ్యాటరీ తగ్గితే మోటార్‌ని తగ్గించే హద్దు) సెల్‌కి 3.3 వోల్టుల దగ్గర ‘నెమ్మదిగా తగ్గించు’ పద్ధతిలో. ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేస్తే మోటార్ ఆగుతోందా, అంటే ఫెయిల్‌సేఫ్‌లో థ్రాటిల్ సున్నాకి వస్తోందా చూడండి. ఒక స్విచ్‌కి థ్రాటిల్ కట్ పెట్టండి. గ్లో ఇంజన్ వేలికి తగిలితే ఆగిపోయే అవకాశమైనా ఉంది. ఎలక్ట్రిక్ మోటార్ అడ్డు తగిలితే ఇంకా గట్టిగా లాగుతుంది. బ్యాటరీ తగిలించాక ప్రాప్ ముందు ఎవరూ ఉండకూడదు.

ఆ తర్వాత ప్రాప్ బిగించి, తోకని ఎవరైనా పట్టుకుంటే, వాట్‌మీటర్‌తో పూర్తి థ్రాటిల్ 10 సెకన్లు. 32 నుంచి 36 ఆంప్స్ వస్తే సరే. 40 దాటితే ప్రాప్ 12×5కి దించండి. ఒక నిమిషం సగం థ్రాటిల్‌లో తిప్పి ఆపాక మోటార్‌ని చేత్తో పట్టుకోగలగాలి.

బాల్సాపొడి:

ఎగురుడులో తేడా ఎక్కువగా తెలిసేది లాండింగ్‌లో. గ్లో ఇంజన్ ఐడిల్‌లో కూడా కొంచెం లాగుతూనే ఉంటుంది. మోటార్‌కి థ్రాటిల్ సున్నా అంటే నిజంగా సున్నా. పైగా ఆ 12 అంగుళాల ప్రాప్ గాలికి తిరుగుతూ బ్రేకులా పట్టేస్తుంది. పాత అలవాటుతో అదే దూరంలో స్టిక్ కిందికి లాగితే రన్‌వే ముందే దిగిపోతుంది. 10 నుంచి 15 శాతం థ్రాటిల్ ఉంచుకుని రండి, చక్రాలు తాకబోతుండగా తీసేయండి.

సమయం: 5000లో 80 శాతం అంటే 4000 వాడొచ్చు. నెమ్మది చుట్లకి సగటున 12, 13 ఆంప్స్ పడుతుంది, దాదాపు 19 నిమిషాలు. కానీ మొదటి ఎగురుడు 8 నిమిషాలకే దించి, చార్జర్ ఎన్ని మిల్లీఆంప్ అవర్లు తిరిగి నింపిందో చూసి టైమర్ సరిచేసుకోండి. దిగాక ప్యాక్ చేతికి వెచ్చగా ఉంటే పర్లేదు, పట్టుకోలేనంత వేడైతే గాలి దారి చాలలేదని. ఏప్రిల్, మే నెలల్లో మూసిన కారులో ప్యాకులు వదలకండి. వారం రోజులు ఎగరేయకపోతే సెల్‌కి 3.8 వోల్టులకి తెచ్చి పక్కన పెట్టండి.

తూనీగ40:

210 గ్రాముల మోటార్, 4ఎస్ 5000, 12×6 ఈ, 60 ఆంప్స్ స్విచింగ్ బీఈసీ ఈఎస్‌సి ఆర్డర్ పెట్టాను. ఈ రాత్రి నుంచి కార్న్‌ఫ్లోర్ పని మొదలు. వాట్‌మీటర్ అంకెలు వచ్చాక ఇక్కడే రాస్తాను.